తగిలితే ఎట్లప్పా

అల్లాబకాష్ అన్నకు భయం. ఒక వస్తువు ఇంకో వస్తువుకు తగులుతుందేమోనని భయం. లోకంలో వస్తువులు చాలా ఉన్నాయి కాబట్టి ఆయనకు భయపడ్డానికే తీరిక చాలేది కాదు.

సౌదీలోని యాన్బులో మాది పంపులు బాగుచేసే వర్క్‌షాపు. ప్లాంట్లలో అరిగిపోయిన షాఫ్టులూ వాటికి తొడిగే స్లీవులూ మా దగ్గరికి వస్తాయి. కంప్యూటరుతో నడిచే పెద్ద లేతు మీద వాటి బదులు కొత్తవి చేసిస్తాం. లేతు నడిపేది నేను, ఉదయకిరణ్, మాది శ్రీకాకుళం పక్కన. ఆ లేతు ఎటు కదలాలో, ఎంత కోయాలో ప్రోగ్రాం రాసేది అల్లాబకాష్ అన్న, రాయచోటి మనిషి.

ప్రోగ్రాం రాసేటప్పుడు ఎవరైనా సాఫ్ట్‌వేరులో ఉన్న రెడీమేడ్ టూలు బొమ్మ ఒకటి పెట్టుకుని పని కానిచ్చేస్తారు. ఆయనకు అది చాలదు. ఇనుమును కోసే ఇన్సర్టు, దాన్ని పట్టుకునే హోల్డరు, రెంటినీ బిగించే స్క్రూ, అన్నిటినీ వెర్నియరుతో కొలుచుకుని, అసలు టూలు ఎలా ఉంటుందో అచ్చం అలాగే త్రీడీలో కట్టేవాడు. ఆ తర్వాత దాన్ని తెర మీద నడిపించి, ముక్కను పట్టి తిప్పే చక్కుకు ఎక్కడైనా గుద్దుకుంటుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేవాడు.

"స్క్రూ తలకాయ కూడా గియ్యాలేటి అన్నా?" అన్నాను కొత్తలో.

"తగిలితే ఎట్లప్పా?"

"అంత సిన్నది ఏటి తగుల్తాది?"

"ఎప్పుడైనా ముందు తగిలేది తలకాయేనప్పా" అన్నాడు, తన తల తడుముకుంటూ.

ఈ భయం వర్క్‌షాపు గేటు దగ్గర ఆగేది కాదు. ఆయన భార్య సురయ్యా వదిన వాషింగ్ మెషీను కొనమంది. అన్న ముందు మెట్లు కొలిచాడు, మలుపులు కొలిచాడు, మెషీను కొలిచాడు. అన్నీ సాఫ్ట్‌వేరులో కట్టి మెషీనును మెట్లెక్కించాడు. రెండో మలుపులో గోడకు తగిలింది.

"వద్దు సురయ్యా. తగుల్తాంది" అన్నాడు.

ఆయన డ్యూటీకి పోయాక వదిన కొట్టుకు ఫోన్ చేసింది. ఇద్దరు మనుషులు వచ్చి, మెషీనును కాస్త పక్కకు వంచి, ఏదో మాట్లాడుకుంటూనే పైకి తెచ్చి పెట్టేశారు. సాయంత్రం అన్న దాని చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడా గీత కూడా పడలేదు. మొహం ఇంకా పాలిపోయింది.

"ఇల్లు మారేటప్పుడు దించల్ల గదా. అప్పుడు తగిలితే?"

"నిఖా నాడు ముఖానికి సెహ్రా కట్టినారు" అని వదిన నాకు చెప్పింది. "పూల చాటున ముందర ఏముండేదీ కనపడ్డంలేదని కుర్చీలోంచి లేస్తే ఒట్టు. కుర్చీతోనే మోసుకొచ్చినారు. మా వాళ్ళంతా పెళ్ళికొడుక్కి కాళ్ళు లేవనుకున్యారు."

మనుషుల్లో ఆయనకు ఎక్కువ భయం మా మేనేజరు జావీద్ సార్ అంటే. ఆయన హైదరాబాద్ మనిషి, గొంతు పెద్దది. ఆయన బూట్ల చప్పుడు వినిపిస్తే అన్న టూళ్ళ బీరువా వెనక్కి వెళ్ళిపోయేవాడు. నేను లేతు నడిపేటప్పుడయితే స్తంభం చాటు. తను రాసిన ప్రోగ్రామును తనే స్తంభం పక్కనుంచి ఒక కంటితో చూసేవాడు. ఆ కన్ను కూడా చాలాసార్లు మూసుకునే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఒక ప్లాంటు నుంచి పని వచ్చింది. పంపు ఆగిపోయింది, స్లీవు కావాలి. స్లీవు లోపలివైపు చివరిదాకా కోయాలి. దానికోసం పొడుగాటి బోరింగ్ బార్ ఒకటి కొత్తగా తెప్పించారు. అలాంటిది మేమెవరం అంతకుముందు వాడలేదు. పైగా మా లేతు తలుపుకున్న అద్దం పగిలి చాలా రోజులైంది. కొత్తది వచ్చేలోగా అట్టముక్క అడ్డం పెట్టి నడుపుతున్నాం. ఆ బార్ వెళ్ళి తిరుగుతున్న చక్కుకు గుద్దుకుంటే విరిగిన ముక్క తలుపు వైపే వస్తుంది. తలుపు ముందు నిలబడేది నేను.

అన్న బార్ కొలతలు తీసుకుంటూ ఉండగానే జావీద్ సార్ వచ్చాడు. ఈసారి అన్న బీరువా వెనక్కి వెళ్ళలేదు.

"అల్లాబకాష్ భాయ్, ప్లాంటోళ్ళు ఫోన్ల మీద ఫోన్లు జేస్తున్నరు. నువ్వు బొమ్మలు గీసుకుంట కూసుంటే ఎట్లయితది? రెడీమేడ్ టూలు వెట్టి ఇచ్చెయ్యి."

"పెట్టినా సార్. ప్రోగ్రాం లేతులోకి పంపినా కూడా. కానీ ఇది కొత్త బార్. లోపలి చివరకు పోయినప్పుడు చక్కుకు తగిలితే?"

"తగల్దు. ఉదయ్, స్టార్ట్ చెయ్."

తగలదని నాకూ తెలియదు, సార్‌కూ తెలియదు. అయినా మేనేజరు చెప్పాక ఏం చేస్తాను, పచ్చ బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాను. అంతలో నా చేతికీ బటన్‌కూ మధ్యలోకి ఒక భుజం వచ్చింది. అల్లాబకాష్ అన్న. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే ఉన్నాయి.

"నేను నొక్కుతా సార్. ఈయప్ప ఆ స్తంభం వెనక్కి పోయినాంక."

"నువ్వా?" అన్నాడు జావీద్ సార్.

"నేనే. పో ఉదయ్."

నేను కదల్లేదు. కాళ్ళు రాలేదనడం నిజం. జావీద్ సార్ అన్న మొహం చూశాడు, ఆ అట్టముక్కను చూశాడు.

"గీసుకో" అన్నాడు చివరికి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "మొత్తం గీసుకో."

అన్న బార్‌ను స్క్రూలతో సహా కట్టాడు. ఆలోపు జావీద్ సార్ దగ్గరుండి అట్ట పీకించి ఇనప రేకు బిగించాడు. తర్వాత అందరం తెర చుట్టూ మూగాం. బార్ మెల్లగా స్లీవులోకి వెళ్ళింది. ఇంకా వెళ్ళింది. చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. చక్కుకూ దానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంది.

"ఏం తగల్లే" అన్నాడు జావీద్ సార్.

"అవును సార్, తగల్లేదు" అన్నాడు అన్న. బిడ్డ పుట్టిందని కబురు విన్నవాడిలా ఉంది మొహం. పొద్దున్నే నొక్కేసి ఉన్నా ఏమీ అయ్యేది కాదని అందరికీ అర్థమైంది. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు.

నేను లేతు స్టార్ట్ చేశాను. అన్న స్తంభం దగ్గరికి వెళ్ళకుండా నా పక్కనే నిలబడ్డాడు. బార్ లోపలికి పోయి ఇనుము కీచుమన్నప్పుడల్లా నా చొక్కా వెనకనుంచి గుంజుకుపోయేది. స్లీవు బయటికి వచ్చేసరికి నా చొక్కా గుండీ ఒకటి ఊడింది, అన్న నేలమీద కూర్చుని ఉన్నాడు. లేవడం ఆయన వల్ల కాలేదు. చెరో రెక్కా పట్టుకుని నేనూ జావీద్ సారూ క్యాంటీనుకు తీసుకెళ్ళాం.

టీ వచ్చాక అడిగాను. "అన్నా, అన్నిటికీ బయపడతావు కదా. నా బదులు నువ్వెందుకొచ్చి నిలబడ్డావు?"

"అది కూడా భయమేనప్పా. నీకేమన్నా అయితే మీ అమ్మకు ఫోన్ చేసేది ఎవరు? మీ అమ్మ నంబరుండేది నా దగ్గరే గదా. అట్లాటి మాట ఫోన్‌లో చెప్పల్లంటే నాకు మహా భయం."

"ఎప్పుడన్నా చెప్పావేటి?"

"ముందు పనిచేసిన షాపులో ఒకసారి. నా ప్రోగ్రామే. టూలు గుద్దుకొని, నడిపేటాయన చేతికి దెబ్బ తగిలింది. వాళ్ళింటికి నేనే చెప్పినా." టీ ఒక గుక్క తాగాడు. "ఆయప్పకేం, బాగయిపోయినాడు. ఇప్పుడు ప్రొద్దుటూర్లో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకోని బ్రహ్మాండంగా ఉండాడు. నేనే ఇంకా తేరుకోలేదు."

జావీద్ సార్ లేచి వెళ్ళి ఇంకో కప్పు టీ తెచ్చాడు. అన్న ముందు పెట్టి, ఒక క్షణం ఆలోచించి, బల్ల అంచు నుంచి కాస్త లోపలికి జరిపాడు.