జానెడు దూరంలో బ్రేకు

యూనిఫారాలు కుట్టే ఆ రెండంతస్తుల కార్ఖానాలో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. పందొమ్మిదేళ్లప్పుడు దారప్పోగులు కత్తిరించే పనికి చేరి, గుండీలు, ఇస్త్రీ, అంచులు అల్లే ఓవర్‌లాక్ అన్నీ దాటుకుంటూ ముప్పయ్యో ఏట కటింగ్ బల్ల దగ్గరికి వచ్చింది. ఆనాటి నుంచి అందరికీ మాస్టరమ్మే. నర్సుల కోటైనా, డ్రైవర్ల చొక్కా అయినా ముందు ఆమె చాక్ గీత కిందికి రావలసిందే. నలభై ఆరేళ్లు వచ్చినా ఆ చేతికి వణుకు తెలియదు.

"మాస్టరమ్మా, మీకు మనుషులు కనిపిస్తారా, అంగుళాలే కనిపిస్తాయా?" అని మిషన్ల వరుసలోని ఆడవాళ్లు ఆటపట్టించేవారు.

"అంగుళాలే నయం. నీలాగా వాగవు," అనేది తల ఎత్తకుండానే.

ఆమెకు గిట్టనిది ఒక్కటే, ఆల్టరేషన్. ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. కొత్తగా పనిలో చేరిన ప్రతి మనిషికీ మొదటిరోజే చెప్పేది: "తర్వాత సర్దుకుందాంలే అనుకుని కుట్టింది ఏనాడూ ఒంటిమీద కూర్చోదు. కుట్టేదేదో మొదటిసారే సరిగ్గా కుట్టాలి." ఆమె కోసిన బట్టలు వందకు రెండు కూడా వెనక్కి వచ్చేవి కావు. పెళ్లి, ఇల్లు, పిల్లలు అంటూ వేరే గొప్పలు చెప్పుకోవడానికి లేని మనిషికి ఆ లెక్కే గొప్ప.

ఒక శనివారం మధ్యాహ్నం, మిషన్లు ఆపి అందరూ డబ్బాలు విప్పుతున్న వేళ, అక్క కూతురు మెట్లెక్కి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేసే ఉద్యోగం. ఒక చోట నిలవని ఆ నడకను బట్టి పిన్ని ఆమెను చిన్నప్పటి నుంచి పిచ్చుక అనే పిలిచేది. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. తల్లి పోయి పద్నాలుగు నెలలు. ఇక మిగిలింది పిన్నీ, పిచ్చుకా. పిల్ల విడిగా అద్దెగదిలో ఉంటూ బుధవారం, ఆదివారం పిన్ని ఇంటికి అన్నానికి వచ్చేది.

"పిన్నీ, రేపు ఏ పనీ పెట్టుకోకు. సైకిల్ షాపుకి వెళ్దాం."

గుడ్డ మీద నడుస్తున్న చాక్ ఆగిపోయింది.

"సైకిలెందుకే?"

"అమ్మ పేరిచ్చిన పోటీకి ఈసారి నేనిచ్చా. ఇంకా నాలుగు నెలలుంది. ఈత వచ్చు, పరుగంటావా, ఎలాగోలా ఈడ్చుకొస్తా. లేనిదల్లా సైకిలే."

"ఎలాంటిది కొందామని?"

"అమ్మ కొన్నలాంటిదే. వేరేది కొంటే ఇక నేను వెళ్లడం ఎందుకు?"

పక్క మిషను మీది మనిషి ముద్ద మింగి అందుకుంది. "నీ కాళ్లు నేలకి అందుతాయా అమ్మాయ్?"

"అందకపోతే మా పిన్ని ఉందిగా, రెండంగుళాలు అతుకు వేస్తుంది."

గదంతా నవ్వింది. మాస్టరమ్మ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

అక్క ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేది. నలభై తొమ్మిదో ఏట, ఈత, సైకిలు, పరుగు మూడూ వరుసగా ఒకే పొద్దున ముగించే ట్రయాథ్లాన్ పోటీకి పేరిచ్చి చెల్లెలిని హడలగొట్టింది. నీళ్లలో అక్కకు భయం లేదు. పరుగు అలవాటైంది. సైకిలు మాత్రం బడికి వెళ్లే రోజుల తర్వాత ముట్టుకోలేదు. ఒక ఆదివారం అక్కాచెల్లెళ్లిద్దరూ షాపుకు వెళ్లారు. షాపాయన రెండు బళ్లు తెచ్చి పక్కపక్కన నిలబెట్టాడు.

ఒకటి రోడ్డు సైకిల్. హ్యాండిల్ రెండు వైపులా పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంపు తిరిగి ఉంటుంది, చేతులు ఎక్కడ పెట్టినా దాదాపు వేళ్ల కిందే బ్రేకు. రెండోది పోటీ కోసమే చేసిన ట్రయాథ్లాన్ సైకిల్. దాని మీద మనిషి ముందుకు వాలి, ముంజేతులు రెండూ మెత్తల మీద ఆనించి, ముందుకు పొడుచుకు వచ్చిన కడ్డీలు పట్టుకుంటాడు. గాలి తాకిడి తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. బ్రేకులు మాత్రం ఆ కడ్డీల మీద ఉండవు, పక్క హ్యాండిల్ మీద ఉంటాయి.

"మొదటిసారి కదమ్మా, రోడ్డు బండి తీసుకోండి," అన్నాడాయన. "నలుగురితో కలిసి తొక్కచ్చు. చెయ్యి తిరిగాక, కావాలంటే దీనికే ఆ కడ్డీలు బిగిస్తాను. తర్వాత సర్దుకోవచ్చు."

అక్క తలూపి రోడ్డు బండి మీద చెయ్యి వేసింది. ఆయన నోట వచ్చిన ఆఖరి మాట మాస్టరమ్మ చెవిన ములుకులా గుచ్చుకుంది. తర్వాత సర్దుకోవడమా! అంటే ఆల్టరేషనే కదా. ఆమె మెడలోని టేపు తీసింది. అక్కను నిటారుగా నిలబెట్టి భుజం, చెయ్యి, నడుము, కాలు కొలిచింది. రెండు బళ్లనూ కొలిచింది. ట్రయాథ్లాన్ సైకిల్ అక్క కొలతకు అచ్చం కుట్టించినట్టే ఉంది.

"పోటీకి పోయేదానివి పోటీ బండే కొను. అతుకుల బండి నీకెందుకు? నా మాట విను."

అక్క ఆమె మాట వింది. ఏళ్ల తరబడి చెల్లెలు కోసిన బట్ట తప్ప వేరేది ఒంటిన వేసుకోని మనిషి అక్క.

బండి కొన్న మూడో వారం, పొద్దున్నే, గోదాముల పక్క రోడ్డు మలుపులో ఒక లారీ వెనక్కి వచ్చింది. అక్క ముంజేతులు మెత్తల మీదే ఉన్నాయి. చూసినవాళ్లు అదే చెప్పారు. చేతులు తీసి పక్క హ్యాండిల్ అందుకునే లోపే అంతా అయిపోయింది. ఆ తర్వాత మాస్టరమ్మ, నలిగిన బండిని షాపు వెనక గదిలో ఒంటరిగా నిలబడి కొలిచింది. కడ్డీ పట్టుకునే అరచేతి నుంచి బ్రేకు దాకా జానెడు. నిలబెట్టి కొలిచినప్పుడు ఆ జానెడు ఏ కొలతలోనూ లేదు.

హాస్టల్ నుంచి పరుగెత్తుకొచ్చిన కూతురికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మే పట్టుబట్టి ఆ బండి కొనుక్కుందని పిల్ల తనకు తనే అనుకుంది. అనుకోవడమే కాదు, అందరితో గర్వంగా చెప్పుకుంది కూడా. "మా అమ్మ మొండిది. మెల్లగా పోయే బండి తనకెందుకూ!" ఆ మాట విన్న ప్రతిసారీ పిన్ని అన్నం గిన్నె ముందుకు జరిపేది.

మర్నాడు, ఆదివారం, పిన్నీ పిచ్చుకా అదే షాపుకు వెళ్లారు. షాపాయన పిచ్చుకను చూసి, ఆమె వెనకున్న మనిషిని చూసి, చేతులు గుడ్డకు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిచినా ఆ మసి పోయేలా లేదు.

"మా అమ్మ తీసుకున్నలాంటిదే కావాలండీ."

"మీకిది మొదటి బండి కదమ్మా..."

"అమ్మకీ మొదటిదేగా."

ఆయన రెండు బళ్లూ తెచ్చి పక్కపక్కన నిలబెట్టాడు. అదే చోటు, అదే వరుస. పిచ్చుక ట్రయాథ్లాన్ సైకిల్ ఎక్కి కూర్చుంది. ఆయన వెనక చక్రం పట్టుకున్నాడు. పిల్ల ముంజేతులు ఆనించి, కడ్డీలు పట్టుకుని, మెడ ఎత్తి పిన్ని వైపు చూసింది.

"ఎలా ఉన్నా? అమ్మలా ఉన్నానా?"

ఉంది. వీపు వంపు, ఎత్తిన మెడ అన్నీ అక్కవే.

"నా కోసం ఆ రోడ్డు బండి ఎక్కి చూడు," అంది మాస్టరమ్మ.

"నీకు బండి గురించి ఏం తెలుసు పిన్నీ? నువ్వు టేపు పట్టుకో చాలు."

"పిచ్చుకా, దిగు."

"దిగను. అమ్మ అన్నీ చూసుకునే ఇది తీసుకుంది కదా? నీకు నామీద నమ్మకం లేకపోతే అమ్మ మీదైనా ఉంచు."

షాపాయన నేల చూస్తున్నాడు. ఆయన చెప్పడు. తను చెప్పకపోతే ఈ ప్రపంచంలో ఇక చెప్పేవారు లేరు. చెప్పకపోతే ఈ పిల్ల ఇంటికి వస్తుంది, ఎదురుగా కూర్చుని అన్నం తింటుంది, పిన్నీ అని పిలుస్తుంది, పొద్దున లేచి ఆ బండి మీద వాలుతుంది. మాస్టరమ్మ ఆ జానెడు వైపు చూసింది.

"మీ అమ్మ దీన్ని ఎంచుకోలేదు. రోడ్డు బండి మీద చెయ్యి కూడా వేసింది. ఇది కొనిపించింది నేను."

"ఏంటి?"

"ఆయన వద్దన్నాడు. తర్వాత సర్దుకోవచ్చన్నాడు. నాకా మాట గిట్టలేదు. మీ అమ్మని ఇక్కడే నిలబెట్టి కొలిచా. ఇదే నీకు సరిపోతుంది, నా మాట విను అన్నా. అక్క వింది."

పిచ్చుక కడ్డీలు వదల్లేదు. కుడిచెయ్యి ఒకటే మెల్లగా తీసి పక్క బ్రేకు దాకా చాపింది. మళ్లీ వెనక్కి తెచ్చింది. మళ్లీ చాపింది. అలా మూడు నాలుగుసార్లు చేసి బండి దిగింది.

"పద్నాలుగు నెలలు నీ ఇంట్లో కూర్చుని, అమ్మ మొండిదని నేను మురిసిపోతుంటే విన్నావు."

"విన్నాను."

"ఒక్కసారి కూడా చెప్పబుద్ధి కాలేదా?"

"నువ్వు కూడా రాకుండా పోతావని భయమేసింది."

పిల్ల చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. అద్దాల తలుపు చాలాసేపు ఊగి ఆగింది. షాపాయన స్టూలు తెచ్చి వేశాడు గాని మాస్టరమ్మ కూర్చోలేదు.

ఆ బుధవారం పిచ్చుక అన్నానికి రాలేదు. ఆదివారమూ రాలేదు. పిన్ని రెండుసార్లు పిల్ల గది దాకా వెళ్లింది. మొదటిసారి తాళం ఉంది. రెండోసారి లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. తెచ్చిన డబ్బా గుమ్మం పక్కన పెట్టి దిగి వచ్చింది. మర్నాడు అది కడిగి, ఖాళీగా, కార్ఖానా వాచ్‌మన్ దగ్గర ఉంది.

రెండు నెలల తర్వాత షాపాయన కార్ఖానాకు వచ్చాడు. ఆదివారాలు కలిసి సైకిలు తొక్కే జట్టుకు ఒకేలాంటి జెర్సీ బనియన్లు పదకొండు కావాలట, పోటీ రోజుకు. కొలతల చీటీలు బల్ల మీద పెట్టాడు. పేర్లు లేవు, అంకెలే. ఏడో చీటీ దగ్గర ఆమె వేలు ఆగింది. భుజం పద్నాలుగుంపావు, కుడివైపు పావు అంగుళం దిగువ. ఆ భుజానికి మొదటి గౌను కోసింది తనే.

"ఏ బండి తీసుకుంది?"

"రోడ్డు బండే అమ్మా. ఆ మర్నాడే వచ్చి తీసుకెళ్లింది. జట్టు మధ్యలో, జాగ్రత్తగా తొక్కుతుంది. బ్రేకు మీంచి వేళ్లు తియ్యదు."

ఆమె చీటీలన్నీ దొంతర చేసి ఆయనకే ఇచ్చేసింది. "ఇవి పనికిరావు. నిలబెట్టి కొలిచినవి. బండి మీద కూర్చోబెట్టి, వంగిన వీపు కొలిచి తీసుకురండి. మెడ గుంట నుంచి నడుము దాకా. ఒక్కొక్కరినీ."

ఆయన వాటిని తీసుకెళ్లి, వారం తిరిగేలోగా కొత్త చీటీలు తెచ్చాడు. ఏడో చీటీలో వీపు రెండున్నర అంగుళాలు పెరిగింది.

పదింటిని ఒక పూటలో కోసింది. ఆ ఒక్కటి మిగిలింది. గుడ్డ పరిచి, గీతలన్నీ గీశాక, భుజం దగ్గర చాక్‌ను వేలెడు బయటికి జరిపింది. అంత వదులైతే జబ్బ జారుతుంది. జారితే తొడుక్కోలేదు. తొడుక్కోలేకపోతే పిచ్చుక దాన్ని తీసుకుని రావలసిందే, ఈ మెట్లెక్కి, ఈ బల్ల ముందు నిలబడి చేతులు చాచవలసిందే. ఆమె ఆ గీత వైపు చాలాసేపు చూసింది. వెనక నుంచి ఎవరో, "ఏంటి మాస్టరమ్మా, కొలత మరిచిపోయారా?" అన్నారు. ఆమె అరచేత్తో గీత చెరిపి, పద్నాలుగుంపావుకే మళ్లీ గీసి కోసింది. వెనక పొడవు, ముందు పొట్టి, వంగిన మనిషికి కుట్టినట్టు. పక్క కుట్ల లోపల మాత్రం, తన జీవితంలో ఎన్నడూ లేనిది, అర అంగుళం గుడ్డ ఎక్కువ వదిలింది. ఎప్పుడైనా సర్దవలసి వస్తే ఉంటుందని.

పోటీ ఆదివారం జరిగింది. ఆమె వెళ్లలేదు, రమ్మని ఎవరూ పిలవలేదు. సోమవారం షాపాయన నవ్వుముఖంతో మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మాయి మూడూ పూర్తి చేసిందమ్మా. కాస్త వెనకబడింది, అంతే. బాగానే ఉంది."

"బనియన్?"

"పదకొండింటిలో ఒక్కదానికి కూడా వంక లేదు. ఏ ఒక్కటీ ఆల్టరేషన్‌కి రాదు. నేను హామీ."

మిషన్ల వరుసలోని ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మాస్టరమ్మ సరేనని తలూపి, డ్రైవర్ల చొక్కాల గుడ్డ బల్ల మీద పరిచింది. ఆ తర్వాత ఎన్నో రోజులు, మెట్ల మీద అడుగుల చప్పుడైన ప్రతిసారీ, ఆమె చేతిలోని చాక్ గీత మధ్యలో ఆగేది.