ఆ ఫైళ్లు పోగొట్టింది మస్తాన్ అన్న కాదు

మస్తాన్ అన్న లేరని నిన్న ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను.

గుండెపోటు అని ఉంది. దానికి పైన మెసేజ్ పత్తి రేటు. కింద వరసగా దండం బొమ్మలు.

ఇంకెవరో మస్తాన్ అనుకున్నాను. మా నరసరావుపేటలో ఆ పేరు ప్రతి వీధిలో ఉంటుంది. ఫోటో తెరిచి చూశాను. ఆయనే. ఫోన్ బోర్లా పెట్టాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆయన పోయినేడాది దాకా మా పత్తి కంపెనీలో ఐటీ మేనేజర్. నేను ఆయన కింద పనిచేశాను. చేరిన రోజు "సర్" అంటే, "సర్ ఏందమ్మాయ్, అన్నా అను చాలు" అన్నారు. ఎందుకు మాట్లాడవని నన్ను ఎప్పుడూ అడగని మనిషి ఆఫీసులో ఆయన ఒక్కరే.

ఇవాళ గేటు దగ్గర సంతాపం ఫ్లెక్సీ కట్టారు. అందులో మా ఎం.డి. గారి ఫోటో పెద్దది, అన్నది చిన్నది. "మా కుటుంబ సభ్యుడు" అని రాయించారు.

ఆ కుటుంబం ఆయన్ను ఎలా చూసుకుందో నేను దగ్గరుండి చూశాను.

అన్న చేరినప్పుడు ఐటీ అంటే ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీయడం, ఎం.డి. గారి ఇంట్లో టీవీకి వైఫై కలపడం. తర్వాత లారీలు తూచే కాటా కంప్యూటర్‌కు కలిసింది. రైతుల బిల్లులు, లారీల బిల్లులు అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. సర్వర్ ఆగితే గేటే ఆగిపోయే పరిస్థితి వచ్చింది.

అయినా అన్న కుర్చీ జెరాక్స్ మెషీన్ పక్కనే. మీటింగ్‌కు పిలిచేది ప్రొజెక్టర్ పెట్టడానికి. పెట్టాక "ఇంక నువ్వెళ్లు మస్తానూ" అనేవాళ్లు.

భద్రత కోసం అన్న ఒక పద్ధతి పెట్టారు. లాగిన్ కావాలంటే ఎవరి కోడ్ వాళ్ల ఫోన్‌కే వస్తుంది. మా పర్చేజ్ మేనేజర్, అంటే ఎం.డి. గారి బావమరిది, ఒప్పుకోలేదు.

"లారీలు రోడ్డు మీద నిలబడితే నేను ఫోన్ ఎతుక్కుంటా కూసోవాలా? అందరి కోడ్లూ ఒక్క ఫోన్‌కే వచ్చేట్టు పెట్టు."

అలాగే పెట్టించారు. ఆ ఫోన్‌ను కాటా గది కిటికీకి పురికొసతో కట్టారు. కోడ్ కావాల్సినవాళ్లు మేడ మీద నుంచి "ఒరేయ్, కోడెంతరా?" అని అరిచేవాళ్లు. కింద ఉన్నవాడు అంకెలు అరిచేవాడు.

ఒకసారి కిందివాడు భోజనానికి వెళితే, ఒక లారీ డ్రైవరు చదివి చెప్పాడు. "ఇంకేమన్నా చదవాలా అన్నా?" అని కూడా అడిగాడు.

ఇది ప్రమాదమని అన్న ఎం.డి. గారికి చెప్పారు.

"అందరూ మనోళ్లేగా మస్తానూ," అన్నారాయన.

పత్తి సీజన్ మధ్యలో ఎవడో ఆఫీసుకు ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నానని, అప్‌డేట్ చేయాలని, కోడ్ చెప్పమని. ఎత్తింది పర్చేజ్ మేనేజర్. కిందికి అరిచి కోడ్ తెలుసుకుని వాడికి చదివి వినిపించారు. పక్క బల్ల నాది. నేను లేచేలోపే పెట్టేశారు.

అన్న ఆ రోజు మాచర్ల బ్రాంచిలో ఉన్నారు.

ఆ కోడ్‌తో వాడు మా సిస్టంలోకి దూరాడు. మధ్యాహ్నానికి ఫైళ్లలో ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే ఫైళ్లు తెరుస్తామని తెర మీద మెసేజ్. అన్న పరుగున వచ్చి, విడిగా దాచిన కాపీలతో అన్నీ తిరిగి నిలబెట్టారు.

తర్వాత మీటింగ్. "ఐటీ వాళ్లుండి ఏం లాభం?" అన్నారు ఎం.డి. గారు. బావమరిది గారు తల వంచి ఫోన్ చూసుకుంటున్నారు.

నేను ఎం.డి. గారి క్యాబిన్‌కు వెళ్లి, కోడ్ చెప్పింది ఎవరో చెప్పాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. ఆయనకు మాత్రం వినపడింది.

"చిన్నపిల్లవి. నీ పని నువ్వు చూసుకో తల్లీ."

అన్నను తీసేశారు. ఆయన పనికి హైదరాబాద్ నుంచి ఐటీ ఏజెన్సీ వచ్చింది. ఆ మార్పుకు "డిజిటల్ ప్రయాణం" అని పేరు పెట్టి కేక్ కోశారు. ఇప్పుడు మౌస్ పాడైనా ఆన్‌లైన్‌లో ఇంగ్లీషులో ఫిర్యాదు రాయాలి, దాన్నే టికెట్ అంటారు. నాది కాన్వెంట్ ఇంగ్లీషు కాబట్టి, టికెట్లు రాయడానికి నన్ను ఉంచారు.

మాచర్ల బ్రాంచిలో మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఒకరోజు ఫోన్ చేశారు. "అమ్మాయ్, అర్జెన్సీ లెవెల్ ఎంత అంటన్నారు ఏజెన్సీవాళ్లు. ఏందది? బయట రైతులు బూతులు తిడతన్నారు. అది ఏ లెవెలు?"

తర్వాత అన్నకు ఫోన్ చేసి పని చేయించుకున్నారు. బాబాయ్ ఒక్కరే కాదు, అందరూ అంతే. తీసేసిన మనిషితో ఇంట్లో నుంచి చాకిరీ చేయించుకోవడానికి ఎవరికీ సిగ్గు వేయలేదు.

ఊళ్లో ఒక కాలేజీలో అన్నకు ఉద్యోగం దాదాపు ఖాయమైంది. వాళ్లు మా ఆఫీసులో వాకబు చేశారు. "ఫైళ్లు పోగొట్టింది ఆయనేనండీ," అని పర్చేజ్ మేనేజర్ చెప్పారు. నా పక్కనే కూర్చుని చెప్పారు. ఆ ఉద్యోగం రాలేదు.

పోయిన నెల అన్న బస్టాండు దగ్గర కనపడ్డారు. టీ ఇప్పించారు.

"ఉద్యోగం సంగతి కాదమ్మాయ్. మా నస్రీన్‌ని క్లాసులో అడిగారంట, మీ నాన్న కంపెనీని ముంచాడంట గదా అని. ఈ మాట వాళ్లమ్మకు చెప్పింది. నన్నడగలా. అడిగితే చెప్పేవాణ్ణి."

టీ చల్లారిపోయింది. తాగలేదు ఆయన.

నస్రీన్, ఈ పోస్ట్ నీ కోసం రాశాను.

మీ నాన్న ఎవరినీ ముంచలేదు. కోడ్ చదివి చెప్పింది పర్చేజ్ మేనేజర్. ఆ సంగతి ఎం.డి. గారికి తెలుసు. నేను అక్కడ ఉన్నాను, విన్నాను. క్లాసులో ఎవరైనా మళ్లీ అడిగితే నా పేరు చెప్పు.

ఆఫీసు వాళ్లలో ఇది స్క్రీన్‌షాట్ తీసి ఎం.డి. గారికి పంపాలని ఎవరికైనా ఉంటే, ఆ శ్రమ వద్దు. ఆయన్ను ట్యాగ్ చేశాను.

వెళ్లిరండి అన్నా. మీరు నమ్మిన దేవుడి దగ్గర నెమ్మదిగా ఉండండి.