పసుపు గోళీలు, వాయికి ఐదారు పప్పులు

కాశీబుగ్గలో మాది వేపుడు జీడిపప్పు కొట్టు. మా నాన్న నేర్పిన నియమం ఒక్కటే. మూకుడులోంచి ఏ వాయి దించినా, ముందు యజమాని నోట్లో పడాలి, ఆ తరవాతే పొట్లంలోకి వెళ్లాలి. ఉప్పూ కారం సరిపోయాయా, కరకరలాడుతోందా అన్నది నాలుకే తేల్చాలి. సీజన్లో రోజుకు పాతిక ముప్పై వాయిలు దిగుతాయి. ముప్పై ఏళ్లుగా ఒక్క వాయి కూడా నేను రుచి చూడకుండా గడప దాటలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో పుట్టినవాడికి ఆ భయం పుట్టుకతోనే వస్తుంది. నీరసంగా ఉంటోందని టెక్కలి వెళ్లి పరీక్షలు చేయించుకున్నాను. కిడ్నీలు బాగున్నాయనగానే గండం గడిచిందనుకుని లేచి నిలబడ్డాను.

డాక్టరు మళ్లీ కూర్చోమన్నాడు. "కాలేయానికి కొవ్వు బాగా పట్టింది. షుగరు కూడా గీత దాటింది. ఏం తింటారు మీరు?"

నాకు నవ్వొచ్చింది. "పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం అన్నం, రాత్రి రెండు పుల్కాలండీ. పైగా రోజూ రెండు పసుపు గోళీలు" అంటూ జేబులోని డబ్బా తీసి చూపించాను. కాలేయాన్ని కడిగేస్తాయని ఫోన్లో ఎవరో చెబితే విని, ఏడాదిగా మింగుతున్నాను.

"ముందు ఇవి ఆపండి. కూరలో చిటికెడు పసుపు వేరు, గోళీలో కుక్కిన సారం వేరు. దాన్నీ కాలేయమే మొయ్యాలి. కొందరికి వీటివల్లే చెడుతుంది కూడా. ఇక నుంచి నోట్లోకి వెళ్లేదంతా వారం రోజులు రాసి తీసుకురండి."

ఒళ్లు మండిపోయింది. పసుపుకే వంక పెట్టేవాడు డాక్టరేమిటి? స్కానింగ్ మిషను పాడైపోయి ఉంటుందని దారిపొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. అయినా రాశాను. ఉప్మా, అన్నం, పుల్కాలు. ఆరు రోజులూ అదే జాబితా.

ఏడోరోజు సాయంత్రం చూస్తే కాటా పక్కన స్టీలు గిన్నె నిండా వేపుడు పప్పు ఉంది. "ఎవరి ఆర్డరిది?" అని అడిగాను.

పొయ్యి దగ్గర నా భార్య చెయ్యి తుడుచుకుంది. మేనమామ కూతురే, చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది. "నీదే బావా. పొద్దుట్నుంచి నువ్వు నోట్లో ఏసుకున్నప్పుడల్లా, లెక్కకి లెక్క నేనిందులో ఏసినాను."

"అది తినడం ఏటే? రుసి సూడ్డం!"

"కడుపుకి ఆ తేడా తెలుత్తాదేటి?" అని గిన్నెను కాటా మీద బోర్లించింది. పావుకిలో దాటింది.

ఒక్కరోజుది అంత ఉంటే, ముప్పై ఏళ్లది ఎన్ని బస్తాలు? చెరువంత నూనె, కుప్పలకొద్దీ పప్పు, పైన గోళీల బరువు. అన్నిటినీ నా కాలేయం డొక్కలో ఒక మూల కూర్చుని మోసింది. నొప్పి అనలేదు, అలిగి పని మానలేదు. కట్టెదుట మూకుడు ముందు కూర్చున్న నాకు తెలియని లెక్క, ఆ చీకట్లో దానికి తెలుసు. ఆశ్చర్యంతో పాటు సిగ్గు కూడా వేసింది.

ఆ గిన్నె సంగతి చెబితే డాక్టరు నవ్వాడు. "బరువు దించి చూడండి. చాలావరకు తనంతట తనే కోలుకుంటుంది" అన్నాడు. నేను నమ్మలేదు. అయినా గోళీలు ఆపేశాను.

నాన్న నియమం మానడం మాత్రం కష్టమైంది. మొదట్లో చెయ్యి దానంతటదే మూకుడు వైపు వెళ్లేది, నా భార్య గరిటెతో ఒకటి వేసేది. చివరికో ఉపాయం దొరికింది. కొనడానికి వచ్చినవాళ్ల చేతిలో ఒక పప్పు పెట్టి, వాళ్ల ముఖం చూస్తాను. కారం ఎక్కువైతే కళ్లే చెబుతాయి.

ఐదు నెలల తరవాత డాక్టరు పాత స్కానింగూ కొత్త స్కానింగూ పక్కపక్కన పెట్టాడు. అప్పుడు తెల్లగా మెరిసిన చోట ఇప్పుడు బూడిదరంగు పరుచుకుంది. అది ఉండవలసిన రంగే అన్నాడు. షుగరు కూడా దిగింది. నేను కాలేయానికి చేసిన సేవ ఏమీ లేదు, బాధపెట్టడం మానానంతే. దానికే ఇంత బాగుపడిందా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

బస్టాండు దగ్గర నాకోసం కాచుకుని ఉన్న నా భార్యకు చెప్పాను. "ఆ గోళీలకి దండాలెట్టినావు కదా ఏడాదంతా. ఇప్పుడు దీనికెట్టు బావా" అంది.

అంతమంది జనంలో కుడి డొక్క మీద చెయ్యి ఆనించి తల వంచాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆవిడ కూడా నా చేతి మీద చెయ్యి వేసింది.