ముప్పై రెండు అంగుళాల రోడ్డు

ముప్పయ్యొక్క ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన ఆయన్ని డిపోలో అందరూ నిదానం అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా అక్కరకు రాలేదు. ముందు పోతున్న సైకిలును కూడా దాటడని, ఆయన బస్సెక్కిన పిల్లకాయలు కాలేజీకి చేరేసరికి పరీక్షలు అయిపోతాయని కండక్టర్లు నవ్వుకునేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఇన్నేళ్లలో ఆయన బండి మనిషిని తాకలేదు, గొడ్డును తాకలేదు, ఆఖరికి డిపో గోడను కూడా తాకలేదు. అదొక్కటి చాలు అనుకునేవాడు.

భార్య పోయాక ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే. కూతురు ప్రెస్సులకు పుస్తకాల పేజీలు తయారుచేసి ఇస్తుంది. పనంతా ఇంట్లోనే, కంప్యూటర్ మీదే. రిటైరైన కొత్తల్లో నిదానం సోఫాలో కూర్చుని టీవీ చూస్తూనే కుడికాలితో నేలను తొక్కేవాడు. తెరమీద ఎవరైనా రోడ్డుకు అడ్డం వస్తే మరీ గట్టిగా తొక్కేవాడు. అది చూడలేక కూతురు తెలిసినవాళ్ల దగ్గర వాడేసిన గేమ్ కన్సోల్ ఒకటి కొనుక్కొచ్చి తన మానిటర్‌కే తగిలించింది. అందులో బస్సు నడిపే ఆట ఉంది. నిదానం అక్కడా నిదానమే. ఎర్రదీపం పడితే ఆగుతాడు. స్టాపులో ఎవరూ లేకపోయినా తలుపు తెరిచి ఓ నిమిషం చూస్తాడు. ఆట ఆయన్ని ఆలస్యమని తిడుతుంది. ఆయన ఆటను తిడతాడు. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా కుర్చీ ఆయనది, మిగతా పొద్దంతా కూతురిది.

ఎనిమిది నెలల కిందట డిపోలో రిటైరైనవాళ్లకు కూడా కళ్ల పరీక్ష పెట్టారు. కంటి నరం దెబ్బతింటోందని, పక్కచూపు తగ్గిపోయిందని, ఎడమవైపు మరీ ఎక్కువని డాక్టరు చెప్పింది. పోయింది రాదు, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కల మందు వేసుకోవాలి అంది. నిదానం క్రమం తప్పకుండా వేసుకుంటున్నాడు, కూతురికి తెలియకుండా. దాచడానికి కారణం ఒక్కటే. పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి, పెద్దరోడ్డు దాటి, డిపో గేటు పక్కన బెంచీమీద పాతవాళ్లతో కూర్చుని బండ్లు బయటికి పోవడం చూడకపోతే ఆయనకు ఆ రోజు మొదలవదు. సంగతి తెలిస్తే కూతురు ఆ రోడ్డు దాటనివ్వదు. మనిషి భయమంతా అదే.

ఇలా ఉండగా మానిటర్ పోయింది. పాతది, పంతొమ్మిది అంగుళాలది. వెనక వైరు పెట్టే చోటు ఒక్కటే ఉండేది. రోజూ కంప్యూటర్ వైరు పీకి కన్సోల్‌ది, ఆరింటికి మళ్లీ అది పీకి ఇది. రెండేళ్లు అలా పీకగా పీకగా ఆ బొక్క వదులైపోయి తెర నల్లబడింది. పాపం, అది మాత్రం ఎన్నాళ్లని తట్టుకుంటుంది.

మర్నాడు ఉదయమే ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. కూతురు ప్రూఫు కాగితం వెనక జాబితా రాసుకొచ్చింది. అక్షరం అంచులు స్పష్టంగా ఉండాలి, రంగు అచ్చులో వచ్చినట్టే కనబడాలి, రెండు వైర్లకు రెండు చోట్లుండాలి, ఆటలో బొమ్మ తడబడకూడదు. అమ్మకాలు చూసే ఆవిడ ఓపికగా ఒక్కోటీ చూపించింది. ఆటలకైతే నూట నలభై నాలుగుది తీసుకోమంది. నాది సిటీ బస్సమ్మా, యాభై దాటితే మెమో ఇస్తారు, నూట నలభై ఎందుకని అడిగాడు నిదానం. అది వేగం కాదని, సెకనుకు బొమ్మ అన్నిసార్లు మారుతుందని ఆవిడ నవ్వకుండా చెప్పింది. ఆ వ్యాపారంలో అంత ఓర్పున్నవాళ్లు అరుదు.

కూతురు ముప్పై రెండు అంగుళాలదాని ముందు ఆగింది. నిదానం కూడా ఆగి చూశాడు. నడిమధ్యన ఏముందో బాగానే కనబడింది. అంచు ఎక్కడుందో తెలుసుకోవడానికి మాత్రం తల తిప్పాల్సి వచ్చింది. మెల్లిగా జరిగి చివరి అరలో ఉన్న ఇరవై రెండుదాని ముందు నిలబడ్డాడు. నాలుగు మూలలూ ఒక్క చూపులో దొరికాయి. ప్రాణం లేచొచ్చింది.

ఇది తీసుకుందాం అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడానికి నిజం తప్ప అన్నీ ఉన్నాయి ఆయన దగ్గర. మన టేబులు పెద్దదాన్ని మోయలేదన్నాడు. దుమ్ము తుడవలేక చస్తామన్నాడు. కరెంటు తాగేస్తుందన్నాడు. కూతురు అన్నీ విని జాబితా మడిచింది.

"రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూడకపోతే నాకు పని నడవదు నాన్నా. ఇన్నాళ్లూ ఒక్కో పేజీ చూసుకుంటూ కళ్లు పొడుచుకున్నాను."

నిదానానికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే రోడ్డు పోతుంది, చెప్పకపోతే ఆట పోతుంది. పైగా అన్నం పెడుతున్న కూతురి పనికి అడ్డం పడుతున్నానన్న సిగ్గొకటి. సరేనమ్మా, నీ ఇష్టం అనేశాడు. కూతురు దుకాణం ఆవిడతో కలిసి మానిటర్ వెనక మీటలు నొక్కి చాలాసేపు ఏవేవో చూసుకుంది. నిదానం బయటికి వచ్చి మెట్లమీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుంటే తెర ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకుంది. వెనక్కి జరుగుదామంటే కుర్చీ వెనకే మంచం. బస్సు తీశాడు. రెండో స్టాపులో ఎడమ అద్దం స్తంభానికి కొట్టుకుంది. మూడో స్టాపు దగ్గర ఎడమ పక్క నుంచి ఎవరో దిగి నడిచి వస్తుంటే ఆయనకు కనబడనేలేదు. బండి తగిలింది. ఆటలో మనిషి, వెంటనే లేచి దులుపుకుని పోయాడు. కానీ నిదానం ఆట ఆపేసి లేచిపోయాడు. ముప్పయ్యొక్క ఏళ్లలో జరగనిది ఇంట్లో కుర్చీలో జరిగింది.

రెండో రోజూ అంతే. మూడో రోజు ఐదైనా కుర్చీ దగ్గరికి రాలేదు. ఆ ఆట విసుగొచ్చిందమ్మా, చిన్నపిల్లల వ్యవహారం అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు మింగి ఊరుకున్నాడు. కూతురు ఊఁ అని తన పని తాను చేసుకుంది. రెండు పేజీలు పక్కపక్కన ఎంత బాగా కనబడుతున్నాయో కూడా ఆయనకు చెప్పలేదు.

ఆదివారం పదకొండింటికి పిలిచింది. వెళ్లి చూస్తే పెద్ద తెర నడుమ, పాత మానిటర్ అంత మేరలో, బస్సు నిలబడి ఉంది. చుట్టూ అంతా నలుపు. కన్సోల్ పంపిన బొమ్మను తెరంతా సాగదీయకుండా ఉన్నది ఉన్నంతలో చూపించే ఏర్పాటు అందులో ఉందని, కన్సోల్‌లో కూడా ఒకటి మార్చాల్సి వచ్చిందని, అదెక్కడుందో దొరకడానికి ఇన్నాళ్లు పట్టిందని చెప్పింది. నిదానం కూర్చున్నాడు. అద్దాలు రెండూ కనబడ్డాయి. స్టాపు, స్తంభం, దిగే జనం, అన్నీ కనబడ్డాయి. పదకొండు స్టాపులు నడిపి, దేన్నీ తాకకుండా డిపోలో బండి పెట్టాడు. సంతోషం ఆగలేదు, ఊరికే హారను కొట్టాడు.

అప్పుడు తట్టింది. అడక్కుండా ఉంటే సరిపోయేది, కానీ అడిగాడు.

"ఇంత పెద్దది కొని దానికింత నలుపు పూయడమెందుకమ్మా?"

"పెద్దది నాకు, మధ్యలోది నీకు. ఈ ఏర్పాటు ఉందో లేదో చూసుకునే కొన్నాను."

నిదానం కంట్రోలర్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమెకు ఎలా తెలిసిందని అడగలేదు. అడ్డంగా దొరికిపోయినవాడు దారి అడగడు. ఒక్కటే అర్థం కాలేదు.

"తెలిసినదానివి, పొద్దున్నే డిపోకి వెళ్లొద్దని ఎందుకనలేదు?"

కూతురు వైరు ఒకటి టేబులు కిందకు సర్దుతూ మామూలుగానే చెప్పింది.

"ఎందుకనాలి? నీ కళ్ల డాక్టరు చీటీ నా కంటబడ్డప్పటి నుంచి, నాలుగు నెలలుగా రోజూ నీ ఎడమ పక్కనే వస్తున్నాను కదా నాన్నా, మూడడుగుల దూరంలో. నువ్వు రోడ్డు దాటి గేటు దగ్గరికి చేరాక వెనక్కి వచ్చేస్తాను. ఇన్నాళ్లలో నువ్వు నన్ను ఒక్కసారి కూడా చూడలేదు."

నిదానానికి ఏడుపొచ్చింది. ఆమె ముందే ఏడ్చాడు.