కుర్చీ చుట్టూ చల్లిన పొడి

ఖానాపూర్ దగ్గరి ఆ కోళ్ల ఫారం సేటును తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. ముక్కు ఎగబీల్చి, "ఇప్పుడు మంచిగున్నది" అనడం ఆయన అలవాటు.

రెట్ట ఘాటుకు షెడ్డులో కోళ్ల కళ్లు పుసులు కట్టాయి. ఊడ్చే ముసలవ్వ కళ్లు ఎర్రబడి ఎప్పుడూ నీరు కారుతుండేవి. అందుకని జియోలైట్ పొడి అమ్మే నేను బస్తాలు పట్టుకెళ్లాను. మా ఆదిలాబాద్ నల్లరాయి ఒకప్పటి లావా. అందులో గాలిబుడగలు మిగిల్చిన గుంతల్లోకి యుగాల తరబడి నీరు దిగి, తెల్లని స్ఫటికాలు పేరుకున్నాయి. అవే జియోలైట్లు. వాటిలోని కంటికి కనబడని రంధ్రాలు ఘాటును పట్టి ఉంచుతాయి.

"రెట్ట మీద పలచగ చల్లుండ్రి సేటూ," అన్నాను.

ఆయన ఒక బస్తా విప్పించి, గుమ్మం దగ్గర తన కుర్చీ చుట్టూ చల్లించుకున్నాడు. కాళ్లు చాపి, ముక్కు ఎగబీల్చాడు. "ఇప్పుడు మంచిగున్నది."

"జర లోపట గూడ చల్లిపియ్యుండ్రి సేటూ. కండ్లు మండుతున్నయి," అంది అవ్వ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

"నీకేమైతది? కోళ్లకు, నీకు అలవాటే గదా!"

మిగిలిన బస్తాలను అవ్వ చేతనే కారులోకి ఎక్కించాడు. ఇంట్లో కుక్క పడుకునే చోట చల్లడానికట.