సముద్రానికి సెలవు రోజు

మా బావ లేడు.

నెల కిందట, ఒక శుక్రవారం పొద్దున, కోరుట్లలో నా కొడుకింట్లో చాయ్ తాగుతుంటే అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ లేస్తలేడురా" అన్నది. గ్లాసు కింద పెట్టి సిరిసిల్ల బస్సు ఎక్కాను. తంగళ్ళపల్లిలో అక్క ఇంటికి చేరేసరికి వాకిటి నిండా చెప్పులు కనబడ్డాయి. ఇక ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

నేను రాసేవాణ్ని కాను. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివాను. నలుగురిలో మాట్లాడాలంటే నాలుక ఎండిపోతుంది. పెద్దకర్మ నాడు వచ్చినవాళ్లంతా బావ గురించి తలా ఒక మాట చెప్పారు. నా దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. అక్కను అడిగే రాస్తున్నాను. "రాయి. అన్ని రాయి. ఇసుక సంగతి గూడ రాయి" అన్నది.

బావ గొంతు పెద్దది. మంచం పక్కన కూర్చున్నవాళ్లతో కూడా చెరువు అవతలి వాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. సాంచెల నడుమ, అంటే మరమగ్గాల నడుమ, బతికిన గొంతు అట్లాగే ఉంటుంది. బొంబాయి పక్కన భివండిలో మేమిద్దరం పదకొండేళ్లు ఒకే షెడ్డులో మగ్గాలు నడిపాం. అన్ని సాంచెలు ఒక్కసారే ఆడుతుంటే ఎంత అరిచినా వినబడదు. అందుకని చేతులతో మాట్లాడుకునేవాళ్లం. అరచెయ్యి ఎదురుగా చూపితే, ఆపు. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పితే, నడువనియ్యి. ఆ పదకొండేళ్లలో మాట్లాడినంత నేను మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. షెడ్డు బయటికి వస్తే నా బదులు బావే మాట్లాడేవాడు. హోటల్లో నాకు చాయ్ కూడా ఆయనే చెప్పేవాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరి భుజం మీద తువ్వాల కనబడినా రెండు వేళ్ల మధ్య నలిపి, తిరగేసి చూసేవాడు. "ముందటి దిక్కు అందరు సూస్తరు బామ్మర్ది. ఎనుక దిక్కు సూడు, నేసినోని సంగతి ఎరుకైతది" అనేవాడు. బస్సులో ముక్కూ మొహం తెలియని మనిషి చొక్కా అంచు కూడా తిరగేసేవాడు. తిట్లు తిన్నాడు కానీ మానలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

భివండి పోయిన కొత్తలో బావ ఒకసారి పండక్కి ఇంటికి వచ్చాడు. అక్కకు అప్పుడు కొత్త కాపురం. తోటికోడళ్లందరూ చుట్టూ ఉండగా అడిగింది: "బొంబాయి పక్కనే గదా, సముద్రం సూసినవా?" అందరూ బావ మొహం చూశారు. బావ "సూడక?" అన్నాడు.

చూడలేదు. పక్కనే కూర్చున్న నాకు తెలుసు. వారానికి ఒక్క సెలవు. ఆ రోజు బట్టలు ఉతుక్కోవాలి, వంట చేసుకోవాలి, వారం నిద్రంతా పోవాలి. "వచ్చే వారం పోదాం బామ్మర్ది" అనేవాడు బావ. ఆ వచ్చే వారం పదకొండేళ్లు రాలేదు. చివరికి ఊరికి తిరిగి వచ్చి సొంతంగా నాలుగు సాంచెలు పెట్టుకున్నాడు. అక్క ఆ షెడ్డులోనే నూలు కండెలు చుట్టేది.

కానీ సముద్రం మాత్రం మా ఇంట్లో పెరుగుతూ వచ్చింది. దాని చప్పుడు సాంచెల చప్పుడు లాంటిదే, ఒక్క గడియ ఆగదన్నాడు. ఒడ్డున గోడ మీద కూర్చుంటే అదే లేచి వచ్చి కాళ్లు కడిగి పోతుందన్నాడు. పిల్లలకు, తర్వాత మనవలకు, అన్నం తినేటప్పుడు చెప్పాడు. నేను నోరు మూసుకుని విన్నాను. అందుకే ఆ అబద్ధంలో సగం నాది.

రెండేళ్ల కిందట మనవరాలికి కళ్యాణ్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. "అమ్మమ్మా, మీరు ముగ్గురు రాండ్రి. తాత సముద్రం మల్ల సూద్దురు" అని ఫోన్ చేసింది. బావ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. అక్క మాత్రం ప్రయాణానికి సర్వపిండి కాల్చడం మొదలుపెట్టింది. కోరుట్ల నుంచి వచ్చిన నన్ను బావ వాకిట్లోకి పిలిచి మొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడాడు.

"బామ్మర్ది, మీ అక్కకు తెలిస్తే నా మొకం ఏడ వెట్టుకోవాలె?"

"ఎట్లన్న జేద్దాం బావా" అన్నాను. ఎట్లానో నాకూ తెలియదు.

మేం కళ్యాణ్ పోయాక మనవరాలు తాతకు కొత్త ప్యాంటు కొన్నది. మర్నాడు పొద్దున్నే మమ్మల్ని లోకల్ రైలు ఎక్కిస్తూ, "తాతా, ఫోన్ల మ్యాపు పెట్టిన" అన్నది. "నాకు మ్యాపు వెడ్తవా పొల్లా? నేను భివండి మనిషిని!" అని బావ అరిస్తే రైలు డబ్బాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

నిజం చెప్పాలంటే ఆ రోజంత సంతోషం నేను జీవితంలో చూడలేదు. చివరి స్టేషన్లో దిగగానే బావ "గీడనే నిలవడుండ్రి" అని పక్కకు పోయి, పోలీసాయన్ని తన భివండి హిందీలో దారి అడిగి, తిరిగి వచ్చి "ఆఁ, యాదికొచ్చింది, గిటే" అన్నాడు. అట్లా నాలుగుసార్లు యాదికొచ్చింది. గేట్‌వే దగ్గర పావురాలు ఒక్కసారే లేచి ఎగిరితే అక్క చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది. రేవు నీళ్ల మీద పడవలు, వాటి వెనక ఓడలు. "గంత ఇనుము ఎట్ల తేలుతుందిరా తమ్మీ!" అంటూ నా చెయ్యి గుంజింది.

తిండి దగ్గర మాత్రం బావ నిజంగానే గురువు. వడాపావ్‌తో భివండిలో పదకొండేళ్లు కడుపు నింపుకున్న మనిషి. "ఎర్ర పొడి ఎక్కువేయ్ భాయ్! మా తెలంగాణోళ్లకు గా కారం సాలది!" అని బండివాడికి చెప్పి, నా చేతిలో ఒకటి పెట్టాడు, అడగకుండానే ఇంకొకటి పెట్టాడు. తర్వాత ఒక పాత ఇరానీ హోటల్. పాలరాతి బల్లలు, పెద్ద పెద్ద అద్దాలు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. బావ వీపు మీద చెయ్యేసి లోపలికి తోశాడు. వెన్న పూసిన బన్ను చాయ్‌లో ముంచి తిన్నాం. చాయ్ సాసర్లో పోసుకుని ముగ్గురం ఒకేసారి ఊదాం. బల్ల మీద పరిచిన గుడ్డను బావ తిరగేసి చూశాడు. "మంచిగనే నేసిండు" అన్నాడు.

మధ్యాహ్నం మెరైన్ డ్రైవ్ చేరాం, బావ చెప్పిన ఒడ్డు గోడ అక్కడిదే. గోడ ఎక్కి చూశాను. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఇవతల అన్నీ సిమెంటు దిమ్మెలు, బురద. చప్పుడు లేదు. మా మానేరు వాగే ఇంకా నయం.

అక్క చాలాసేపు చూసింది.

"సప్పుడేదయ్యా? సాంచెల లెక్క ఆడుతదంటివి గదా."

బావ అటు చూశాడు, ఇటు చూశాడు. నా వైపు చూశాడు.

"ఇయ్యాల్ల..." అన్నాడు, "సెలవై ఉంటది."

"సముద్రానికి సెలవా?"

"ఎందుకుండది? మనిషికి లేదా? సాంచెకు లేదా?"

అంతలో మా మాటలు విని ఒక జంట దగ్గరికి వచ్చింది. "కాకా, మనోళ్లే గదా? మాది కొడిమ్యాల" అన్నాడు అతను. అక్క వెంటనే గోడ మీద కూర్చుని, డబ్బా విప్పి సర్వపిండి ముక్కలు చేతుల్లో పెట్టింది. అతను తింటూ బావను అడిగాడు: "మేమైతే గిదే ఫస్టు. నువ్వు ఇంతకుముందు ఎన్నడన్న సూసినవా కాకా?"

బావ నోరు తెరిచాడు. ఇప్పుడు నిజం చెప్పేస్తాడని అనుకున్నాను.

అక్క మాట అందుకుంది. "గీయినెకు సముద్రం కొత్తేం గాదు బిడ్డా. నలపై ఏండ్ల సంది ఎరికే. ఇయ్యాల్ల దానికి సెలవు, గంతే."

ఆ జంట నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు, అక్కనే చూస్తున్నాడు. అక్క అటు తిరిగి, ఒళ్లో చెయ్యి పెట్టుకుని, చూపుడువేలు చిన్నగా గుండ్రంగా తిప్పింది. నడువనియ్యి.

ఆ తర్వాత బావను పట్టుకోవడం మా వల్ల కాలేదు. చౌపాటీ ఇసుకలో చెప్పులు చేతబట్టి, కొత్త ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉరికాడు. భేల్‌పురి తింటూ అక్క "గివి మన మరమరాలే గదా, గిన్ని ఏశాలు ఎందుకు" అంటూనే రెండో పొట్లం తీసుకుంది. కుల్ఫీ కరిగి నా మోచేతి దాకా కారింది. పావ్‌భాజీ బండి దగ్గర బావ "ఇంకో రెండు పావ్!" అంటే పక్క బండివాడు కూడా రెండు పావ్ తెచ్చాడు.

సాయంత్రానికి మళ్లీ గోడ దగ్గరికి నడిచాం. దూరం నుంచే వినబడింది. ధడ్, ధడ్, ధడ్. ముగ్గురం నిలబడిపోయాం. మధ్యాహ్నం చూసిన సిమెంటు దిమ్మెలు కనబడడం లేదు. నీళ్లు గోడకే కొట్టుకుంటున్నాయి. అచ్చం మా షెడ్డు చప్పుడే. చూడకుండా, ఎవరో చెబితే విని, నలభై ఏళ్లు ఆయన చెప్పిన చప్పుడు!

"షిఫ్టు మారిందే!" అని అరిచాడు బావ. గోడ మీద నిలబడ్డాడు. పెద్ద అల ఒకటి లేచి వస్తుంటే అరచెయ్యి ఎదురుగా పెట్టాడు, సాంచెను ఆపమన్నట్టు. అది ఆగలేదు. ముగ్గురినీ తల నుంచి కాళ్ల దాకా ముంచింది. నీళ్లు కారుతూ, దగ్గుతూ, నవ్వుతూ, బావ వేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. నేనూ తిప్పాను. అక్కా తిప్పింది. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడతాం.

తిరుగు రైల్లో బావ గొంతు తగ్గించి అక్కతో చెప్పాడు. "నేను గప్పుడు సూడలేదే."

"ఎరికే."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది. నువ్వు అచ్చినప్పుడల్ల నీ బట్టలు దులిపింది ఎవ్వరు? పత్తి దుమ్మే రాలేది. ఒక్కనాడన్న ఇసుక రాలలే."

"మరి అడగకపోతివి?"

"నువ్వు మంచిగ చెప్తుంటివి" అన్నది అక్క. "నేను అడిగితే ఆపుతుంటివి."

కళ్యాణ్ చేరాక మనవరాలి గదిలో అక్క కాగితం పరిచి, బావ ప్యాంటు ఒక కాలి మడత విప్పి దులిపింది. రైలు గాలికి ఆరిన ఇసుక సర్రున రాలింది. "ఇగో, ఇప్పుడు వోయినవు బొంబాయి!" అని పడీ పడీ నవ్వింది. రెండో కాలు విప్పబోతే బావ ఆపాడు. "గది ఉండనియ్యి. నాకు సాక్షం ఉండాలె." ఆ ప్యాంటు మళ్లీ తొడగలేదు. ఎవరు ఇంటికి వచ్చినా బీరువాలోంచి తీసి ఆ మడత వేలితో చూపేవాడు.

పెద్దకర్మ తెల్లారి బావ బట్టలన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యడానికి మూట కడుతున్నారు. చొక్కాలు, లుంగీలు, తువ్వాలలు అన్నీ దులిపి, మడిచి అక్క ముందు పెట్టారు. మూట ముడి వేసే ముందు అక్క చెయ్యి చాచి ప్యాంటు ఒకటి బయటికి తీసింది. ఒక కాలు నిడుపుగా ఉంది. రెండోది మోకాలి దాకా మడిచి ఉంది. దాన్ని దులపలేదు. రెండు చేతుల మీద అడ్డంగా పట్టుకుని, ఒలకకుండా, నిండు చెంబు మోసినట్టు మెల్లగా నడుచుకుంటూ బీరువా దగ్గరికి పోయింది.