ఇంటికొక పార

పొద్దున్నే ఎదురింటాయన తన ఇంటి పక్క ఖాళీ స్థలంలో మళ్లీ ట్రాక్టరు గ్రావెల్ దింపిస్తుంటే నాకు కాఫీ సహించలేదు. రాజమండ్రి శివార్లలో, ఒకప్పటి వరిచేలల్లో వేసిన ఈ లేఅవుట్‌లో అందరిదీ ఒకటే పట్టుదల, పక్కింటికన్నా అడుగు మెరకలో ఇల్లు కట్టాలని. ముందుగా కట్టుకున్న పాపానికి మేం పల్లంలో పడ్డాం. పోయినేడు వాననీళ్లు మా వంటింటి గడప దాటాయి. కాలనీ వెనకాల పాత మురుగు కాలువ పూడిపోయింది. ఎవరి ప్రహరీ లోపలా లేదు కనుక అది ఎవరిదీ కాదు. వాట్సాప్ గ్రూపులో ఏడాదిగా పోట్లాడితే దండాలు పెట్టే బొమ్మలు వచ్చాయి గానీ మనిషి రాలేదు.

నా చిన్నప్పుడు, ద్రాక్షారామం దగ్గర మా ఊళ్లో, ఎండాకాలం కాలువలకు నీళ్లు ఆపగానే ఇంటికొక మనిషి పార పట్టుకుని పంటకాలువ పూడిక తియ్యడానికి వెళ్లాల్సిందే. స్వర్గమేమీ కాదు లెండి, పెద్ద రైతులు పాలేర్లను దింపి తాము గొడుగు కింద నిలబడేవారు. ఒక ఏడాది నాన్న ఎవరితోనో గట్టు తగాదా పడి, వెళ్లనని భీష్మించుకు కూర్చుంటే, నాయనమ్మ కుచ్చెళ్లు ఎగదోపి, పార భుజాన వేసుకుని వీధిలోకి దిగింది. “పరువు తియ్యకే అమ్మా!” అంటూ నాన్న వెనకాలే పరుగు. “నువ్వు మానెయ్‌రా, మనింటి పార వెళ్లాలి” అందావిడ, వెనక్కి తిరక్కుండానే. మలుపు తిరిగేసరికి పార నాన్న చేతిలో ఉంది.

అది గుర్తొచ్చి, కాఫీ వదిలేసి, మొక్కల పార తీసుకుని కాలువలోకి దిగాను.

“ఏంటండీ మేడమ్ గారూ, పంచాయతీ ఆఫీసువాళ్లకి చెప్పొచ్చు కదండీ?” అన్నారు ఎదురింటాయన గట్టు మీంచి.

“చెప్పానండి. ఈలోగా మీ మెరక మీంచి వచ్చే నీళ్లు మా వంటింట్లోకి కాక ఎటు పోవాలో మీరు చెప్పండి” అన్నాను.

కాసేపటికి నిక్కరుతో ఆయనే దిగారు. తర్వాత పక్కింటావిడ, ఆవిడ వెనకాల వాళ్లాయన. మధ్యాహ్నానికి అయిదిళ్ల వాళ్లం కలిసి రోడ్డు కింద మూసుకుపోయిన తూము తెరిచాం. నల్లటి నీరు మెల్లగా కదిలింది.

అప్పట్లో పార రాని ఇల్లు ఏదో ఊరంతటికీ తెలిసేది. ఇన్నేళ్లుగా సొంతింట్లో ఉంటూ, పక్కింటావిడది యానాం అని నాకు ఇవాళే తెలిసింది. ఇంకా సగం కాలువ మిగిలే ఉంది. రేపు ఎన్నింటికని ఎదురింటాయనే అడిగారు. పార కడిగి లోపల పెట్టబోయి, ఆగి, గేటు బయటే ఆనించి వచ్చాను.